హోటలు వంటలో లాభపు లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచినదన్నచో, దాని వెనుక ఎవరో ఒకరు ప్రతి మాసమును ఒక చిన్న లెక్క వేయుచు వచ్చినారని అర్థము. చందాల వలన వచ్చిన సొమ్ము ఇంత. అందులో పత్రికల కెంత, పుస్తకముల కెంత, దీపముల కెంత, బీరువాల కెంత? ఒకదానికి ఎక్కువ పెట్టినచో మరియొకదానికి తగ్గును. ఉన్నది కొంచెము, కావలసినవి పెక్కు. సంసారము నడుపు ఇల్లాలు ఎరిగిన లెక్కయు ఇదియే. ఉన్న నీటితో వరి ఎంత, అపరాలు ఎంత అని తలపోయు రైతు ఎరిగిన లెక్కయు ఇదియే. ఈ లెక్కను తప్పు లేకుండ వేయుటకు గత శతాబ్దమున గణితజ్ఞులు ఒక పద్ధతిని కనుగొనిరి. దానికి లీనియర్ ప్రోగ్రామింగ్ అని పేరు. తెలుగున రేఖీయ ప్రణాళిక అనవచ్చును. పేరు గంభీరముగా ఉన్నను, విషయము ఇడ్లీ దోసెలతో చెప్పదగినది. కనుక నేటి ఉపన్యాసమునకు ఒక హోటలు వంటశాలయే పాఠశాల.

బస్సులు నిలుచు కూడలిలో ఒక ఫలహారశాల ఉన్నదనుకొనుడు. అది ఉదయమున రెండున్నర గంటలు తెరచియుండును. అచట దొరకునవి రెండే: ఇడ్లీ, మసాలా దోసె. ప్లేటు ఇడ్లీకి 30 గ్రాముల మినపపప్పు పట్టును; దోసెకు 20 గ్రాములు. ముందు రాత్రి గ్రైండరులో 6½ కిలోల పప్పును మించి రుబ్బుటకు వీలు లేదు. బియ్యము, రవ్వ, నూనె, కొబ్బరి కావలసినంత ఉన్నవి. పనివారు ముగ్గురు. ఒక్కొక్కరికి రెండున్నర గంటల చొప్పున అందరికిని కలిపి 450 నిమిషములు. ఇడ్లీ వాయలు వాయలుగా ఆవిరిపై దిగును గనుక, వడ్డనతో కలిపి ప్లేటుకు సగటున ఒక నిమిషపు పని చాలును. దోసెను ఒక్కొక్కటిగా పోయవలయును, కాల్చవలయును, కూర పెట్టి మడువవలయును. దానికి 3 నిమిషముల పని. సరుకుల ఖర్చు పోగా ప్లేటు ఇడ్లీపై 7 రూపాయలును, దోసెపై 14 రూపాయలును మిగులును. జీతములు, అద్దె దినమునకు ఇంతయని కట్టుబడియున్నవి గనుక అవి ప్లేటు లెక్కలో చేరలేదు. ఈ అంకెలన్నియు విషయము బోధపడుటకై కల్పించినవి; హోటలు నడుపువారు తమ తమ అంకెలను వీని స్థానమున వేసికొనవచ్చును.

ఇప్పుడు యజమానుడు రాత్రియే నిర్ణయించుకొనవలసినది ఒకటి కలదు. ఇడ్లీపిండి ఎంత, దోసెపిండి ఎంత? తెల్లవారిన పిమ్మట చింతించి ప్రయోజనము లేదు. మిగిలిన పిండి మరునాటికి పులిసిపోవును. చాలని పిండి అప్పటికప్పుడు పుట్టదు. చిన్న హోటళ్ళు మూతపడుటకు దొంగలు, దివాలాలు అక్కరలేదు. దినమునకు మూడు నాలుగు వందలు ఈ విధముగా చేజారినచో చాలును.

గల్లాపెట్టె యొద్ద కూర్చున్నవాడు చెప్పు సలహా ఇది: దోసెపై లాభము ఇడ్లీపై లాభమునకు రెట్టింపు, కావున అన్నియు దోసెలే వేయవలయును. వినుటకు సబబుగానే తోచును. కాని 450 నిమిషములలో 150 దోసెలు మాత్రమే అగును. లాభము 2,100 రూపాయలు. పనివారికి ఊపిరి ఆడదు. మూడున్నర కిలోల పప్పు వాడుకకే రాదు. వంటవాడు చెప్పు సలహా దీనికి విరుద్ధము: ఇడ్లీ సులభము, అన్నియు ఇడ్లీలే చేయవలయును. అట్లు చేసినచో పప్పు 216 ప్లేట్లకు సరిపోవును. లాభము 1,512 రూపాయలు. పప్పు అయిపోవును గాని, పనివారికి 234 నిమిషములు పని లేక మిగులును. మూడవవాడు మధ్యస్థుడు; రెండును సమానముగా చేయుమనును. అప్పుడు 112 ప్లేట్ల ఇడ్లీ, 112 దోసెలు అగును. లాభము 2,352 రూపాయలు. ఇది మునుపటి రెంటికంటెను మేలే. అయినను ఇంతకంటె మేలైనది ఒకటి కలదు: 150 ప్లేట్ల ఇడ్లీ, 100 దోసెలు. ఇడ్లీకి నాలుగున్నర కిలోలు, దోసెకు రెండు కిలోలు. పప్పు సరిగా 6½ కిలోలు. ఇడ్లీకి 150 నిమిషములు, దోసెకు 300. కాలము సరిగా 450 నిమిషములు. లాభము 1,050, 1,400 కలిసి 2,450 రూపాయలు. గల్లాపెట్టెవాని సలహాకంటె దినమునకు 350 రూపాయలు అధికము. ధర పెంచలేదు, సరుకు తగ్గించలేదు, మనిషిని తొలగించలేదు.

ఈ జవాబును వెదకు మార్గము చతురపు గళ్ళ కాగితముపై చూడవచ్చును. అడ్డముగా ఇడ్లీ ప్లేట్లు, నిలువుగా దోసెలు గుర్తింపుడు. పప్పు హద్దు ఒక సరళరేఖ అగును; కాలపు హద్దు మరియొక సరళరేఖ అగును. ఆ రెండు గీతలకును లోపలనున్న స్థలము కంచె వేసిన పొలము వంటిది. అందులోని ప్రతి బిందువును ఆ వంటశాలకు సాధ్యమైన ఒక ఏర్పాటు. కంచెకు వెలుపలిది అసాధ్యము. పొలము నడుమ నిలిచినవాడు లాభము పెరుగు దిక్కుగా నడచినచో ఎచటనో ఒక కంచె అడ్డుపడును. అప్పుడు ఆ కంచె వెంబడి లాభము పెరుగు వైపునకు సాగవలయును. సాగి సాగి ఒక మూలకు చేరును. అచట రెండవ కంచె తగులును. ఇక ఎటు కదలినను లాభము పెరుగదు. అనగా పొలమంతయు తిరుగనక్కరలేదు, మూలలు చూచిన చాలును. పై లెక్కలో మూలలు నాలుగే: ఏమియు వండకుండుట, అన్నియు ఇడ్లీలు, అన్నియు దోసెలు, రెండు గీతలు కలియు 150, 100 అను చోటు. వంటకములు రెండే అయినప్పుడు కాగితము చాలును. ఇరువది వంటకములు, ముప్పది హద్దులు ఉన్నప్పుడు మూలలు లెక్కకు మిక్కిలి యగును. వానిని ఎల్ల చూడకయే, ఒక మూలనుండి దానికంటె లాభకరమైన పొరుగు మూలకు నడచుచు పోవు ఉపాయము కావలయును.

ఆ ఉపాయము పుట్టిన కథ క్లుప్తముగా చెప్పదగినది. 1938 లో సోవియట్ రష్యాలోని లెనిన్‌గ్రాడు నగరమున ఒక ప్లైవుడ్ సంస్థ తన చిక్కును లియొనీద్ కంటొరోవిచ్ అను గణితాచార్యుని ముందు పెట్టెను. యంత్రములు పలు రకములు, కలప పలు జాతులు. ఏ యంత్రమునకు ఏ కలప ఇచ్చినచో ఉత్పత్తి అధికమగును? ఆ ఆచార్యుడు దానికి మార్గము కనుగొని 1939 లో చిన్న గ్రంథముగా ప్రకటించెను. ఆ గ్రంథము పాశ్చాత్య దేశములకు చాల కాలము తెలియలేదు. 1947 లో అమెరికా వైమానిక దళమునకు గణిత సలహాదారుగా నున్న జార్జి డాన్‌ట్జిగ్ స్వతంత్రముగా మూలనుండి మూలకు నడచు సింప్లెక్స్ పద్ధతిని నిర్మించెను. సైన్యమున శిక్షణకును, సరఫరాకును వేసికొను పథకమును ప్రోగ్రామ్ అనెడివారు. ఈ శాస్త్రమునకు ఆ పేరు అందుండి వచ్చినదే. 1975 లో కంటొరోవిచ్‌కును, టయాలింగ్ కూప్‌మన్స్‌కును అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. 1984 లో మన దేశీయుడైన నరేంద్ర కర్మార్కర్ మూలల వెంబడి పోక పొలము లోపలినుండియే గమ్యము చేరు వేగవంతమైన మార్గమును ప్రకటించెను. నేడు కోళ్ళ దాణా, పశువుల దాణా తయారుచేయువారు మొక్కజొన్న ఎంత, సోయాపిండి ఎంత అని నిర్ణయించుటకు ఈ పద్ధతినే వాడుదురు. పట్టికలు వేయు సాధారణ కంప్యూటరు సాఫ్టువేరులోనే ఈ సదుపాయము దొరకును.

కాని హోటలు యజమానునికి ఈ పద్ధతి ఇచ్చు మేలు ఒక్క జవాబుతో ముగియదు. అంతకంటె విలువైనది ఇంకొకటి కలదు. పనివారి కాలము మరి 70 నిమిషములు దొరకినదనుకొనుడు. లెక్క మరల వేసినచో 130 ప్లేట్ల ఇడ్లీ, 130 దోసెలు వచ్చును. లాభము 2,730 రూపాయలు. 70 నిమిషములకు 280 రూపాయలు పెరిగినవి. నిమిషమునకు 4 రూపాయలు. అట్లు కాక కాలము మునుపటివలెనే ఉండి, పప్పు 700 గ్రాములు అదనముగా రుబ్బగలిగినచో 180 ప్లేట్ల ఇడ్లీ, 90 దోసెలు వచ్చును. లాభము 2,520 రూపాయలు. అనగా 10 గ్రాములకు ఒక రూపాయి, కిలోకు 100 రూపాయలు. ఇది అంగడిలో పప్పు ధర కాదు. ఆ ధర చెల్లించిన పిమ్మట ఇంకను చేతికి వచ్చెడి మేలు. దీనిని గణితజ్ఞులు ఛాయామూల్యము అందురు.

ఈ ఛాయామూల్యముతో ఎన్నో ప్రశ్నలు తేలిపోవును. ఒక మనిషి గంట పని యజమానునికి 240 రూపాయలు తెచ్చునని తెలిసినది. అదనపు గంటకు అంతకు తక్కువ కూలి ఇచ్చి మనిషిని పెట్టుకొనుట లాభమే. అదే సమయమున, అదనపు పనికి కూలి ఇచ్చుకోలేననెడి యజమానుని మాట ఎంతవరకు నిజమో పనివారికిని తెలియును. పెద్ద గ్రైండరు కొనవలయునా అనునదియు ఇట్లే తేలును. దినమునకు కిలో పప్పు అధికముగా రుబ్బుట వలన 100 రూపాయలు వచ్చునప్పుడు, యంత్రపు వెల ఎన్ని దినములకు తీరునో భాగహారము చేసి చూచుకొనవచ్చును.

వడ సంగతి చూడుడు. గిరాకి ఉన్నది, ప్లేటుకు 10 రూపాయలు మిగులును, ఇడ్లీకంటె ఎక్కువే గదా అని యజమానునికి ఆశ కలిగినదనుకొనుడు. ప్లేటు వడకు 50 గ్రాముల పప్పు, నిమిషమున్నర పని పట్టును. పప్పునకు 5 రూపాయలు, కాలమునకు 6 రూపాయలు, వెరసి 11. అది తెచ్చునది 10. అనగా ప్రతి ప్లేటు వడయు ఇతర వంటకముల నుండి 11 రూపాయలు తీసికొని 10 రూపాయలు ఇచ్చును. నమ్మనివారు లెక్క వేసి చూడవచ్చును: 14 ప్లేట్ల వడ చేసినచో ఇడ్లీ 126 ప్లేట్లకును, దోసెలు 101 కిని మారును, లాభము 2,436 రూపాయలకు, సరిగా 14 రూపాయలు తగ్గును. ప్లేటుపై ఎంత మిగిలినదని చూచుట చాలదు. కొరతగా ఉన్న సరుకును, కాలమును అది ఎంత తినివేసినదని చూడవలయును. ఇదియే ఈ శాస్త్రపు సారము.

హద్దు లేనిదానికి ఛాయామూల్యము లేదు. ఒక దినమున దోసెలకు 80 మంది మాత్రమే వత్తురని తెలిసినదనుకొనుడు. అప్పుడు 80 దోసెలు, 163 ప్లేట్ల ఇడ్లీ చేయుట మేలు. లాభము 2,261 రూపాయలు. పనివారికి 47 నిమిషములు మిగులును. ఆ దినమున అదనపు పనివాని వలన పైసా లాభము లేదు. కావున ఈ లెక్క ఒకసారి వేసి గోడకు అంటించునది కాదు. సంతదినమునకు ఒక లెక్క, వానదినమునకు ఒక లెక్క. మినపపప్పు ధర మారినప్పుడెల్ల మరియొక లెక్క. రేపు ఎందరు వత్తురో గణితము చెప్పదు. నెల దినముల అమ్మకములు వ్రాసిపెట్టిన పుస్తకము చెప్పును. ఆ పుస్తకము లేనివానికి ఈ పద్ధతి పనికిరాదు.

ఇంకొక హెచ్చరిక అన్నిటికంటె ముఖ్యము. గణితము తనకు చెప్పిన హద్దులనే ఎరుగును, చెప్పనివానిని ఎరుగదు. 1945 లో అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు జార్జి స్టిగ్లర్ ఒక ప్రశ్న వేసెను. దేహమునకు వలసిన 9 పోషకములును లభించునట్లు, 77 ఆహార పదార్థముల నుండి మిక్కిలి చవుకైన భోజనము ఏది? సింప్లెక్స్ పద్ధతి అప్పటికి లేదు గనుక అతడు యుక్తితో వెదకి, 1939 నాటి ధరలలో సంవత్సరమునకు 39 డాలర్ల 93 సెంట్లు చాలునని తేల్చెను. 1947 లో క్రొత్త పద్ధతిని పరీక్షించుటకు ఆ లెక్కనే మరల వేసిరి. చేతి యంత్రములతో తొమ్మిదిమంది గుమస్తాలు కూర్చుండగా సుమారు 120 మనిషిదినముల పని పట్టెను. జవాబు 39 డాలర్ల 69 సెంట్లు. స్టిగ్లరు అంచనాకు 24 సెంట్లు మాత్రమే తక్కువ. లెక్క ఘనమైనదే. కాని స్టిగ్లరు భోజనములో ఉన్నవి గోధుమపిండి, క్యాబేజీ, పాలకూర, ఎండు చిక్కుడుగింజలు, చిక్కని డబ్బాపాలు. ఏడాది పొడుగునను అవియే తినుట ఎవరి తరము? రుచి అను హద్దును ఎవరును వ్రాయలేదు.

డాన్‌ట్జిగ్ తన శాస్త్రమును తన దేహముపైనే ప్రయోగించి చూచెను. 1950 దశకపు ఆరంభమున వైద్యుడు బరువు తగ్గుమని చెప్పగా, కడుపు నిండినట్లుండి బరువు తగ్గునట్టి భోజనమును లెక్కించుమని కంప్యూటరును అడిగెను. నీటి బరువును తీసివేసి, మిగిలిన బరువు ఎంత అధికమైన అంత కడుపు నిండునని అతడు పెట్టిన సూత్రము. మొదటి జవాబున 500 గాలన్ల వినిగరు ఉండెను. పట్టికలో వినిగరునకు నీటి భాగము సున్నగా వ్రాయబడియుండుటయే కారణము. వినిగరును తొలగింపగా, దినమునకు 200 మాంసరసపు ఘనికలు తినుమని వచ్చెను. నాలుగు ఘనికలను నీటిలో కలిపి త్రాగబోయి ఆ ఉప్పునకు తాళలేకపోయెను. ఉప్పునకు హద్దు పెట్టువారు లేకపోయిరి, అంతే. ఘనికలకు హద్దు పెట్టగా దినమునకు రెండు పౌన్ల తవుడు తినుమని వచ్చెను. తుదకు అతని భోజనమును భార్యయే ఏర్పాటు చేసెను. ఈ కథను డాన్‌ట్జిగ్ తానే వ్రాసియుంచెను. యంత్రము తప్పు చేయలేదు; మనిషి మరచిన హద్దును యంత్రమును మరచినది.

హోటలు యజమానునికి ఇది హాస్యకథ మాత్రము కాదు. తిరునాళ్ళ దినములలో దోసెపై 24 రూపాయలు మిగులుననుకొనుడు. అప్పుడు లెక్క ఇడ్లీని పూర్తిగా తీసివేయుమనును: 150 దోసెలు, 3,600 రూపాయలు. కాని వేకువజామున పనికి పోవు కూలీలు వచ్చి అడుగునది ఇడ్లీ. పిల్లలకు, ముసలివారికి, జ్వరము విడిచి లేచినవారికి తగినదియు ఇడ్లీయే. దినదినము వచ్చువారిని ఆ నాలుగు దినములు వట్టిచేతులతో పంపుట తగునా? తగదని యజమానుడు తలచినచో ఆ మాటను లెక్కలో వ్రాయవలయును: ఇడ్లీ 60 ప్లేట్లకు తగ్గరాదు. అప్పుడు జవాబు 60 ప్లేట్ల ఇడ్లీ, 130 దోసెలు; లాభము 3,540 రూపాయలు. 3,600 కును దీనికిని భేదము 60 రూపాయలు. ప్లేటునకు ఒక్క రూపాయి. ఆ కూలీలను నిలుపుకొనుటకు యజమానునికి అయ్యెడి ఖర్చు అంతే. ధర్మము చేసినచో దివాలా తీయుదుమని ఊరక భయపడువారికిని, ధర్మమునకు ఖర్చేమియు లేదని ఊరక పలుకువారికిని ఈ అంకె సమాధానము చెప్పును. ఖర్చు ఉన్నది, అది ఇంత, భరింతువా లేదా అనునది యజమానుని మనస్సునకు సంబంధించినది. గణితము అచట ఆగిపోవును.

పనివారి విశ్రాంతియు ఇట్టిదే. పైన చెప్పిన 450 నిమిషములలో టీ త్రాగుటకును, ఒక్కక్షణము కూర్చుండుటకును వేళ లేదు. మనిషికి పది నిమిషములు విశ్రాంతి అని వ్రాసినచో 450 బదులు 420 నిమిషములు అగును. నిమిషమునకు 4 రూపాయల చొప్పున 120 రూపాయలు తగ్గును. ఆ హద్దు వ్రాయనిచో, 2,450 రూపాయల లాభములో ఆ 120 రూపాయలు పనివారి నడుముల నుండి వచ్చినవే యగును. లెక్కలో కనబడనంత మాత్రమున అది లేకపోలేదు.

ఈ విషయము రజతోత్సవ సభకు తగినదా యని సందేహము కలుగవచ్చును. గ్రంథాలయము కథలకును, పురాణములకును మాత్రమే కాదు. బ్రతుకు తెరువునకు వలసిన విద్యకును నెలవు. ఈ బీరువాలలో గణిత పుస్తకములు ఉన్నవి. ఈ ఊరిలో చదువుకొనిన యువకులు, యువతులు ఉన్నారు. కూడలిలో హోటలు నడుపువారును, పాలకేంద్రము నడుపువారును, కోళ్ళు పెంచువారును ఉన్నారు. చదువుకొనినవారు ఒక సాయంకాలము వారి యొద్ద కూర్చుండి, సరుకెంత, కాలమెంత, మిగులునదెంత అని అడిగి గళ్ళ కాగితముపై రెండు గీతలు గీసి చూపినచో గ్రంథాలయపు విద్య ఊరి పొయ్యి వరకు చేరినట్లగును. అయితే గీతలు గీయుటకు ముందు అడుగవలసిన ప్రశ్న ఇంకొకటి కలదు: ఏమి జరిగినను తప్పనివి ఏవి? వానిని మొదట వ్రాసి, పిదప లాభమును వెదకవలయును.

ఈ గ్రంథాలయము ఇట్టి ప్రశ్నలకు తావై మరి ఇరువదియైదు సంవత్సరములు వర్ధిల్లి, స్వర్ణోత్సవము జరుపుకొనుగాక! స్వస్తి.